పని మొదలెట్టాక చూద్దాం

నాకు కోపం వచ్చిందంటే మా ఆయన హోదా పడిపోతుంది. మామూలు రోజుల్లో 'ఏమండీ', 'మీరు'. కోపం రోజుల్లో 'ఏవయ్యా', 'నువ్వు'. ఆ సోమవారానికీ శనివారానికీ మధ్య ఆయన ఎన్నిసార్లు పడ్డాడో, ఎన్నిసార్లు లేచాడో నాకే గుర్తులేదు. ఆ వారం సంగతి చెప్పాలంటే ముందు క్రేన్ సంగతి చెప్పాలి.

నేను మందుల షాపులో బిల్లులు కొడతాను. నా కుర్చీకి ఎదురుగా అద్దాల తలుపు, దాని అవతల రోడ్డు, రోడ్డు అవతల ఇరవై అంతస్తుల భవనం కడుతున్నారు. రెండేళ్ళుగా అక్కడో పసుపుపచ్చ టవర్ క్రేన్ ఉంది. పొద్దున్నే ఆపరేటర్ వీపుకి టిఫిన్ డబ్బా కట్టుకుని నిచ్చెన మెట్లెక్కుతుంటే, నేను షట్టర్ సగం ఎత్తి అలాగే నిలబడి చూసేదాన్ని. టన్నుల టన్నుల ఇనప చువ్వల్ని అంత ఎత్తుకి లేపి, నిద్రపోతున్న పిల్లని ఉయ్యాల్లో వేసినంత మెల్లగా దించేవాడు. చూస్తూ చూస్తూ ఒకసారి దగ్గు మందు అడిగినాయనకి విరేచనాల మందు బిల్లు కొట్టాను. పాపం, ఆయన చూసుకున్నాడు కాబట్టి సరిపోయింది.

ఒక రోజు ఆ ఆపరేటరే తలనొప్పి మాత్రకి షాపుకొచ్చాడు. ధైర్యం చేసి అడిగేశాను.

"ఏవండీ, ఆ క్రేను ఆడవాళ్ళు కూడా నడపచ్చా?"

"లోపలెవరు కూర్చున్నారో దానికేం తెలుస్తుందమ్మా?" అన్నాడు మాత్ర నోట్లో వేసుకుంటూ.

అంతే! ఆ ఒక్క మాటకి నాకు రెక్కలొచ్చాయి. ట్రైనింగ్ సెంటర్ అడ్రసు ఆయన దగ్గరే తీసుకున్నాను. అప్లికేషన్ పెట్టాను. కళ్ళ పరీక్ష పాసయ్యాను. కళ్ళు తిరగకుండా నిచ్చెన ఎక్కే పరీక్షా పాసయ్యాను. పన్నెండు సీట్లకి ముప్ఫై మంది మిగిలాం. తొమ్మిది నెలల శిక్షణ. ఫీజు లేదు, కానీ మొదటి ఆరు నెలలు చేతికి పైసా రాదు. చివరి మూడు నెలలు నెలకి ఆరు వేలు భత్యం. తర్వాత ఉద్యోగం వస్తే ఇప్పటి నా జీతానికి రెట్టింపు పైమాటే.

ఇక ఇవ్వాల్సింది ఒకే ఒక్క కాగితం. నా జీతం లేకుండా ఆ తొమ్మిది నెలలూ ఇల్లెలా గడుస్తుందో ఇంటి బడ్జెట్ రాసివ్వాలి. ఇదేం పరీక్షరా బాబూ అనుకున్నాను.

"అదెంత పని! నాకొదిలెయ్," అన్నాడు మా ఆయన.

మా ఆయన ఇళ్ళకి రంగులేసే మేస్త్రి. చెయ్యి తిరిగిన పనివాడు, చేతిరాత కూడా ముత్యాలే. ఆదివారం కూర్చుని స్కేలు పెట్టి గీతలు కొట్టి, ఆదాయం ఒక పక్క, ఖర్చులు ఒక పక్క, పెళ్ళి శుభలేఖలా రాసిచ్చాడు. ఆదాయం ముప్ఫై వేలు. ఖర్చులు ఇరవై మూడు వేల నాలుగొందలు. నెలకి ఆరు వేల ఆరొందలు మిగులు! మేం ఇంత ఉన్నవాళ్ళమని నాకే తెలీదు. కౌంటర్లో ప్రతి మాత్రల అట్టనీ రెండుసార్లు లెక్కపెట్టే నేను, ఆ కాగితాన్ని ఒక్కసారైనా సరిగ్గా చదవలేదు. నా కళ్ళు అప్పటికే క్రేన్ పైన ఉన్నాయి.

సోమవారం సెంటరుకెళ్ళాను. రేకుల షెడ్డు, ఒక బల్ల, దాని వెనక క్రేన్ మాస్టారు. ముప్ఫై ఏళ్ళు క్రేన్లు నడిపి, మోకాళ్ళరిగి, ఇప్పుడు కింద కూర్చుని నేర్పుతున్నాడు. కాగితం తీసుకుని పైనుంచి కిందకి ఒక్కసారి చూశాడు.

"మీకు పిల్లలెంతమంది?"

"ఒక పాపండి. మూడేళ్ళు."

"తొమ్మిది నెలలూ పాప కాళ్ళు పెరగవా?"

నాకర్థం కాలేదు. ఆయన కాగితం నా వైపు తిప్పి వేలు పెట్టాడు.

"చెప్పుల పద్దు లేదు. బట్టల్లేవు. మందుల్లేవు. జ్వరం రాదు, చుట్టాలు రారు, బల్బు మాడదు. చాలా అదృష్టవంతుల ఇల్లమ్మా మీది."

మొహం మాడిపోయింది నాకు. ఆయన గొంతు మాత్రం పెంచలేదు.

"కోప్పడకు. కిందటేడు పన్నెండు మందిలో ఐదుగురు మధ్యలో మానేశారు. చేతకాక కాదు, ఇల్లు గడవక. వాళ్ళందరి కాగితాలూ ఇంత అందంగానే ఉన్నాయి. చూడు తల్లీ, పైన కూర్చున్నవాడికి కిందనుంచి బరువెప్పుడూ తగ్గించే చెప్తారు. రెండుసార్లు ఎత్తాలంటే బద్ధకం వాళ్ళకి. ఆ మాట నమ్మి ఎత్తామా, క్రేన్ ఒరుగుతుంది. నీ దగ్గర డబ్బుందా లేదా అని చూడను నేను. బరువు సరిగ్గా చెప్పావా లేదా, అదే చూస్తాను. శనివారం నాలుగింటి దాకా టైముంది. మళ్ళీ రాసుకురా."

బస్సులో ఇంటికొస్తూ ఆ కాగితం మొదటిసారి చదివాను. చదివినకొద్దీ నా చెవుల్లోంచి పొగలొచ్చాయి. పాలు రోజుకి అర లీటరట! మా బుడంకాయ ఒక్కతే అర లీటరు తాగుతుంది. గ్యాస్ బండ రెండు నెలలకొకటట! నెల తిరక్కుండా ఖాళీ అవుతోంది. కరెంటు బిల్లు చలికాలపు నెలది. పాపని చూసుకునే కింది వాటా పెద్దావిడకి కిందటేడు ఇచ్చిన రేటు. ఫోన్ల ఖర్చు సున్నా.

మంగళవారం నాకు సెలవు. ఆ రోజు పొద్దున్నుంచీ వాన. వాన పడితే బయటి గోడల పని ఆగిపోతుంది కాబట్టి మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. బుడంకాయ ఆయన బ్రష్షులన్నీ వరసగా పడుకోబెట్టి దుప్పటి కప్పుతోంది. నేను కాగితం తెచ్చి బల్ల మీద పడేశాను.

"ఏవయ్యా, ఇది బడ్జెట్టా, ఎస్టిమేటా?"

"రెండూ ఒకటే కదే."

"ఒకటా! నీ ఎస్టిమేట్ల సంగతి నాకు తెలీదూ?"

ఇక్కడ మా ఆయన వృత్తి మర్మం చెప్పాలి. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఏ మేస్త్రీ నిజం రాయడు. ఉన్నదున్నట్టు రాస్తే పని పక్కవాడికి పోతుంది. అందుకని గోడ గీకుడు రాయరు, పగుళ్ళు పూడ్చే లప్పం సగమే రాస్తారు, సీలింగ్ సంగతి మర్చిపోయినట్టు నటిస్తారు. ఇంటాయన అడిగితే 'పని మొదలెట్టాక చూద్దాం' అంటారు. సగం పనయ్యాక, సామాను నడింట్లో కుప్పబోసి ఉండగా, ఒక్కొక్కటే బయటపెడతారు. అప్పుడు ఇంటాయన ఎక్కడికి పోతాడు? ఇవ్వక చస్తాడా?

"నన్ను కూడా ఇంటాయన్ని చేశావన్నమాట," అన్నాను. "ముందు ఊఁ అనిపించి, మధ్యలో చూద్దామనుకున్నావు. అవునా కాదా?"

ఆయన కిటికీ వైపు చూశాడు.

"నిజం రాస్తే నువ్వెళ్ళనంటావు."

"అంటే అంటాను!"

"అంటే... జీవితాంతం ఆ అద్దంలోంచి క్రేన్ని చూస్తూ కూర్చుంటావు. నాకది చూడబుద్ధి కాదు. అందుకే తగ్గించి రాశాను. చాలా?"

ఏడుపొచ్చింది. ఇంత ప్రేమని ఇంత తప్పుడు లెక్కలో పెట్టి ఇచ్చే మనిషిని ఏమనాలో తెలియలేదు. బుడంకాయ వచ్చి నా మొహం తుడవడానికి ఒక బ్రష్షిచ్చింది, సుబ్బరంగా కడిగిందే లెండి.

"సరే, ఇవాళ మొదలెట్టక ముందే చూద్దాం," అన్నాను ముక్కు తుడుచుకుని. "మీ చిట్టా పుస్తకం తెండి." తను మళ్ళీ 'మీరు' అయ్యాడని గమనించి ఆయన గబగబా తెచ్చాడు.

ఆ మధ్యాహ్నమంతా బయట వాన, లోపల మేము. అబ్బ, ఏం సరదాగా గడిచిందో చెప్పలేను! మొదట ఒకళ్ళ తప్పులు ఒకళ్ళు పట్టుకోవాలని పోటీ పడ్డాం. వంటింటి డబ్బాలోంచి పాత బిల్లులు తీశాను. ఆయన గ్యాస్ బండ మార్చిన తేదీలు కేలండర్ మీద వెతికాడు. పాలు లీటరు, అందులో బేరం లేదు. ఊళ్ళో ఉన్న మా అత్తగారికి పంపే పదిహేనొందలు ఆయన అసలు రాయలేదు.

"ఇదెందుకు రాయలేదండీ?"

"అది ఖర్చేంటే? అమ్మ కదా!"

"అమ్మే. అమ్మకిచ్చే డబ్బు మాత్రం చెట్లకి కాయదు. రాయండి."

నేనేదో పెద్ద హరిశ్చంద్రుడి చెల్లెల్లా మాట్లాడుతుంటే ఆయన తాపీగా అడిగాడు, "మరి సబ్బులు, పౌడరు, పాప టానిక్కూ ఎక్కడ రాశావు?"

"వాటికేం ఖర్చవుతుంది? మా షాపులో కొన్న రేటుకే ఇస్తారుగా..." అంటూనే ఆగిపోయాను.

ఉద్యోగం మానేశాక నాకు షాపువాళ్ళు కొన్న రేటుకి ఎందుకిస్తారు? మూడేళ్ళుగా మా ఇంట్లో దగ్గు మందు నుంచి దూది దాకా అన్నీ ఆ రేటుకే వస్తున్నాయి. జీతం పోతుందని తెలుసు గానీ, జీతంతో పాటు ఆ రేటు కూడా పోతుందని నాకు తట్టనే లేదు. మందులమ్మే నేనే మందుల పద్దు మర్చిపోయాను! మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. దాన్ని పదమూడు వందలని రాశాను, నవ్వినందుకు దాని కింద ఆయన చేతే గీత కొట్టించాను.

చెప్పులు, బట్టలు కలిపి ఏడొందలు రాశాం. చివర ఒక గడి మిగిలింది.

"ఇక్కడ తరుగు రాయి," అన్నాడాయన. "డబ్బాలో రంగంతా గోడకెక్కదు. కొంత బ్రష్షుకి అంటుకుంటుంది, కొంత అడుగున ఎండిపోతుంది. ఎక్కడికి పోయిందో చెప్పలేం, కానీ పోతుంది. సొంతిల్లయితే నేను తరుగు లేకుండా లెక్క వెయ్యను."

ఎనిమిదొందలు తరుగు. మొత్తం ఇరవై తొమ్మిది వేల ఐదొందలు తేలింది.

ఇక ఆదాయం. ఆయన చిట్టా పుస్తకంలో ముందు పేజీల్లో ఎస్టిమేట్లు, వెనక పేజీల్లో పెన్సిలుతో నిజంగా అయిన ఖర్చులు. ఏడాదిలో పన్నెండు ఇళ్ళు. నేను బిల్లు కొట్టే స్పీడులో కూడుకుంటూ పోయాను. వాన రోజులు తీసేస్తే నెలకి చేతికొచ్చేది ఇరవై ఐదు వేలు. ముప్ఫై కాదు. ఎక్కడికి పోయిందా అని వెనక పేజీలు మళ్ళీ కూడాను. సీలింగ్, అదనపు లప్పం, రెండో కోటు... అన్నీ ఉన్నాయి. పక్కన 'వసూలు' అన్న చోట గీతలే.

"ఇవన్నీ మధ్యలో అడిగి తీసుకుంటారు కదండీ మీ మేస్త్రీలు?"

"మిగతావాళ్ళు తీసుకుంటారు," అన్నాడు ఆయన, బ్రష్షు వెంట్రుకలు సర్దుతూ. "నాకు... అడగడానికి నోరు రాదే. సామానంతా కుప్పబోసుకుని పిల్లల్తో నేల మీద కూర్చుని తింటుంటారు. వాళ్ళనేం అడుగుతాం?"

తల పట్టుకున్నాను. మిగతా మేస్త్రీలు అబద్ధం రాసి డబ్బు తీసుకుంటారు. మా ఆయన అబద్ధం కూడా రాస్తాడు, డబ్బు కూడా వదిలేస్తాడు! రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. పన్నెండు ఇళ్ళ మీద వదిలేసింది అక్షరాలా నలభై ఎనిమిది వేలు. నెలకి నాలుగు వేలు.

"మన లోటెంత?" అన్నాడు మెల్లగా.

"నెలకి నాలుగు వేల ఐదొందలు."

ఇద్దరం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నాం. మా లోటు దాదాపు అంతా ఎక్కడుందో దొరికింది! పన్నెండు మంది ఇళ్ళ గోడల మీద ఉంది. నాకెంత ఉత్సాహం వచ్చిందంటే లేచి గదిలో రెండు చుట్లు తిరిగాను. అయితే ఆదాయం గడిలో ఇరవై తొమ్మిది వేలని రాయబోయిన ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఆగండి. ఆలూ లేదు చూలూ లేదు... ఒక్కళ్ళయినా మీ నిజం రేటుకి ఊఁ అననివ్వండి. అప్పటిదాకా ఇరవై ఐదే."

దాచిన డబ్బు, శిక్షణకి కొనాల్సిన బూట్లు పోగా, ఇరవై రెండు వేలుంది. ఆరు నెలల లోటు ఇరవై ఏడు వేలు. భత్యం వచ్చే చివరి మూడు నెలలకి ఢోకా లేదు. అయిదో నెల చివర్లో మొదలై ఆరో నెలంతా, మొత్తం ఐదు వేల చిల్లు. దాన్ని ఎర్ర పెన్నుతో రాశాను.

ఆ చిల్లు పూడ్చే అవకాశం ఒకటి చేతికందే దూరంలోనే ఉంది. మా షాపు పక్క సందులో పళ్ళ డాక్టరమ్మ తన క్లినిక్‌కి రంగులేయించాలని నలుగురు మేస్త్రీలని ఎస్టిమేట్ అడిగింది. అందులో మా ఆయనొకడు. గురువారం ఇవ్వాలి. మామూలుగా అయితే ముప్ఫై మూడు వేలని రాసి, నలభై ఆరు వేల పని చేసి, ఇంటికొచ్చి పెన్సిలుతో రాసుకునేవాడు. ఈసారి ముందు పేజీ, వెనక పేజీ కలిపి ఒకే కాగితం మీద రాశాడు. నలభై ఆరు.

గురువారం నా భోజనం టైములో ఇద్దరం వెళ్ళాం. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. పళ్ళు పీకించుకోవడానికి వచ్చినవాళ్ళ కంటే మా ఆయనే ఎక్కువ వణుకుతున్నాడు.

డాక్టరమ్మ కాగితం చదివి కళ్ళజోడు తీసింది.

"అందరికంటే తక్కువైనాయన ముప్ఫై నాలుగన్నాడు. మీరు పన్నెండు వేలు ఎక్కువ రాశారే!"

"అవునండి."

"తగ్గిస్తారా?"

మామూలుగా ఈ మాట పూర్తికాకముందే మా ఆయన తగ్గిపోతాడు. ఆయన నుదుటి చెమట తుడుచుకుని, ఎక్స్‌రే గది గోడ చూపించాడు.

"ఆ గోడలో చెమ్మ ఉందండి. లోపల పైపు కారుతోంది. అది బాగుచెయ్యకుండా రంగేస్తే ఆరు నెలలకి పొక్కులొస్తాయి. మీరు పిప్పి పన్ను మీద తొడుగెయ్యరు కదండీ, ముందు లోపల శుభ్రం చేస్తారు. ఇదీ అంతే."

"మిగతా ముగ్గురూ చెమ్మ గురించి చెప్పలేదే?"

"పని మొదలెట్టాక చెప్తారండి."

డాక్టరమ్మ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "ఆలోచించి చెప్తాను," అంది. అంతే. బయటకొచ్చాక మా ఆయన గోడకి చేరగిలబడి, "పోయిందే ఆ పని," అన్నాడు. నాకు మాత్రం ఈలేసి గంతెయ్యాలనిపించింది. ఏడేళ్ళ కాపురంలో మొదటిసారి ఆ మనిషి తన కష్టానికి పూర్తి ధర నోటితో చెప్పడం చూశాను.

శుక్రవారం గడిచింది. డాక్టరమ్మ నుంచి ఫోన్ లేదు. శనివారం పొద్దున కాగితాన్ని మంచి అక్షరాలతో తిరగరాయడానికి కూర్చుంటే, ఆ ఎర్ర చిల్లు నా కంట్లో పొడుచుకుంది. ముప్ఫై మంది కాగితాల్లో చిల్లున్నది నాదే అయితే? సీటు పోతే? చెయ్యి దానంతటదే పాల గడి దగ్గరికెళ్ళింది. లీటరుని ముప్పావు చేస్తే... తరుగు తీసేస్తే... కూరగాయల్లో కాస్త... అయిదు వేలు పెద్ద లెక్కా? ఎవరు చూడొచ్చారు?

మా ఆయన వెనకనుంచి చూడనే చూశాడు.

"ఏం చేస్తున్నావే?"

"ఊరికే... కొంచెం సర్దుతున్నాను."

"నేను మొన్న ఆ డాక్టరమ్మ ముందు చెమటలు కక్కుకుంటూ నిజం చెప్పొచ్చాను. ఇవాళ నువ్వు నా కూతురి పాలల్లో నీళ్ళు కలుపుతావా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఏడేళ్ళలో ఆయన నా మీద గొంతెత్తడం కూడా అదే మొదలు. పెన్ను పక్కన పెట్టి, ఆయన ఎదురుగానే మంగళవారం నాటి కాగితమే మడిచి సంచిలో పెట్టుకున్నాను. కొట్టివేతలు, ఎర్ర గీతలు, ఒక మూల మా బుడంకాయ బ్రష్షుతో అద్దిన నీలం మరక, అన్నిటితో సహా.

మూడున్నరకి సెంటరుకి చేరాం. మా ఆయన పాపని భుజాల మీద ఎక్కించుకుని గేటు బయటే ఉండిపోయాడు. నేను షెడ్డులోకెళ్ళాను. మాస్టారు కాగితం విప్పాడు. ఈసారి ఒక్క చూపుతో వదల్లేదు. ఒక్కో గడి మీద వేలు పెట్టి చదివాడు. చెప్పుల దగ్గర ఆగాడు. తరుగు దగ్గర ఇంకాసేపు ఆగాడు. చివరికి ఎర్ర గీత దగ్గరికొచ్చాడు.

"ఇదేంటి?"

"చిల్లండి. ఆరో నెలలో ఐదు వేలు తక్కువవుతాయి."

"అప్పుడేం చేస్తావు?"

ఏదో ఒకటి చెప్పేద్దామనిపించింది. మా అన్నయ్య ఇస్తాడనో, ఆయనకి పెద్ద పనొస్తుందనో. అన్నీ నోటి చివర దాకా వచ్చాయి.

"ఇప్పుడు నాకు తెలీదండి," అన్నాను. "కానీ ఆరో నెలలో వస్తుందని ఇవాళే తెలుసు. చూసుకోవడానికి ఐదు నెలల టైముంది. మొన్న సోమవారం అదుందనే తెలీదు."

మాస్టారు నావైపు చూశాడు. బల్ల మీద కాగితాల దొంతర తిరగేశాడు.

"వీటిలో చాలావాటికి లెక్క పైసాతో సహా సరిపోయింది. సంసారం చేసిన ఎవడికైనా తెలుసు, అలా సరిపోదని," అన్నాడు. తర్వాత సొరుగులోంచి పసుపుపచ్చ కార్డొకటి తీసి, నా పేరు రాసి, స్టాంపు గుద్దాడు. "సోమవారం ఏడింటికి. బూట్లు లేకుండా రాకు."

నేను థాంక్సు చెప్పానో లేదో కూడా గుర్తులేదు. కార్డు కొంగులో దాచుకుని, మొహం వేలాడేసుకుని గేటు దాకా నడవడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మా ఆయన్ని కాసేపైనా ఏడిపించకపోతే నాకు తిన్నదరగదు. కానీ ఆయన నన్ను చూడ్డంతోనే ఎదురొచ్చాడు, ఫోన్ చేత్తో ఊపుతూ.

"ఒసేయ్! డాక్టరమ్మ ఫోన్ చేసింది!"

"నేను ముందు చెప్పాలి!"

"కాదు, నేనే! ఆ ముప్ఫై నాలుగు వేల వాడిని చెమ్మ గోడ సంగతేంటని అడిగిందట. వాడేమన్నాడో తెలుసా?"

"పని మొదలెట్టాక చూద్దామన్నాడా?"

"అదే! ఆ మాటకే పని నాకిచ్చేసింది. నలభై ఆరుకి! సోమవారం అడ్వాన్సు!"

నేను కార్డు తీసి ఆయన మొహానికి అడ్డంగా పట్టుకున్నాను. ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. భుజాల మీద పిల్ల ఉందన్న సంగతి మర్చిపోయి నడిరోడ్డు మీద ఎగిరాడు. బస్టాపులో జనం మావైపు చూశారు. చూడనీ! నేనూ ఎగిరాను. బుడంకాయకి ఏమీ అర్థం కాకపోయినా, "ఇంకోసారి!" అని అరిచింది.

"ఏదీ, ఆ కాగితం తీయి," అన్నాడు ఆయన ఆయాసపడుతూ. "ఆ ఎర్ర గీత కొట్టేద్దాం."

"అడ్వాన్సు చేతికి రానివ్వండి. సోమవారం సాయంత్రం కొడదాం."

"అమ్మో! ఇంకా క్రేనెక్కనే లేదు, అప్పుడే మాస్టారువైపోయావు."

ఇంతలో పై నుంచి ఏదో జారి నా కాళ్ళ దగ్గర పడింది. మా బుడంకాయ చెప్పు. వంగి తీసి, దాని పాదానికి తొడగబోయాను. ఎక్కలేదు. ఆర్నెల్ల కిందట సరిగ్గా సరిపోయిన చెప్పులోంచి ఇప్పుడు మడమ అరంగుళం బయటికొచ్చింది. మడమ చుట్టూ ఎర్రగా కందిపోయి ఉంది. ఎన్ని రోజులుగా ఒరుసుకుంటోందో, పిచ్చితల్లి, చెప్పనే లేదు. మేమూ అడగలేదు.

ఆ చిన్న పాదాన్ని అరచేతిలో పెట్టుకుని నేను ఆయన వైపు చూశాను. ఆయన కూడా చూశాడు. ఇద్దరికీ ఆ మొదటి కాగితమే గుర్తొచ్చిందని నాకు తెలుసు, ముత్యాల్లాంటి అక్షరాలతో, చెప్పుల పద్దు లేకుండా.

"వచ్చే నెల కొందామా?" అన్నాడాయన, అలవాటు కొద్దీ.

"ఎందుకు? రాసుకున్నాంగా!" అన్నాను. "పదండి, షాపు మూసేస్తారు."

మిగిలిన చెప్పు కూడా తీసేసి సంచిలో వేశాను. బుడంకాయ వట్టి కాళ్ళు ఊపుకుంటూ నాన్న భుజాల మీద, నేను పక్కన, చెప్పుల షాపు వైపు నడిచాం.